ముంపు ఊళ్ళు – మన బడి

మన సంఘం స్వర్ణోత్సవ సంచికలో పాత రోజుల గురించి రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, ఆటల పోటీల గురించీ వార్షికోత్సవాల గురించీ రాసేవాళ్ళు చాలామంది ఉంటారనిపించింది. నేను 1981 గురించి రాస్తాను. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళు ఖాళీ అయిన సంవత్సరం అది. నేను ఆరో తరగతిలో చేరిన సంవత్సరం కూడా అదే.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులై 24న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట అది కేవలం జలవిద్యుత్తు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. పనులు దాదాపు ఇరవై ఏళ్ళు సాగాయి. 512 మీటర్ల పొడవు, పన్నెండు గేట్లు, 885 అడుగుల పూర్తి నీటిమట్టం, 308 టీఎంసీల నిల్వ. కుడిగట్టు విద్యుత్ కేంద్రంలోనే 770 మెగావాట్లు. నల్లమల లోయలో, అంత లోతైన గండిలో ఆ ఆనకట్ట కట్టడం చిన్న పని కాదు. సివిల్ ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన నాకు ఆ కట్టడం ముందు నిలబడితే ఇప్పటికీ గౌరవమే కలుగుతుంది.

అయితే 885 అడుగులు అనే అంకెకు ఇంకో అర్థం ఉంది. ఆనకట్ట దగ్గర గీసిన ఆ మట్టం నదికి ఎగువన పటం మీద ఒక గీతగా సాగుతుంది. మేం దాన్ని కాంటూరు అంటాం. అటు కర్నూలు జిల్లాలో, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలో ఆ గీత లోపల పడినదంతా ముంపు. మొత్తం దాదాపు 615 చదరపు కిలోమీటర్లు. వంద దాకా ఊళ్ళు, లక్ష మందికి పైగా మనుషులు. గీతకు ఊరి పొలిమేర తెలియదు. కొందరికి ఇల్లు మిగిలి పొలం పోయింది. కొందరికి పొలం మిగిలి ఊరు పోయింది. ఊరంతా పోయాక మిగిలిన ఆ నాలుగు ఎకరాలకు దారే లేదు.

అప్పటికి అమలులో ఉన్న చట్టం 1894 నాటి భూసేకరణ చట్టం. దానికి తెలిసింది భూమి ఒక్కటే. నోటిఫికేషన్ వచ్చిన రోజున ఉన్న ధర కట్టి, దాని మీద నూటికి పదిహేను కలిపి ఇచ్చేవారు. ఆ పదిహేను ముప్పై అయింది 1984 సవరణతోనే. నోటిఫికేషన్‌కూ డబ్బు చేతికి రావడానికీ మధ్య ఏళ్ళు గడిచాయి. ఈలోగా ధరలు పెరిగాయి. పైగా వందల కుటుంబాలు ఒకేసారి చేతిలో డబ్బుతో భూమి కోసం బయలుదేరితే చుట్టుపక్కల ఎకరం ధర ఆగుతుందా? నదివార నల్లరేగడి పోగొట్టుకున్న రైతు ఆ డబ్బుతో అందులో సగం భూమి కూడా కొనలేకపోయాడు. సెంటు భూమి లేనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. కూలివాళ్ళు, చాకలి, మంగలి, కుమ్మరి, పుట్టి నడిపేవాళ్ళు – వీళ్ళ బతుకు ఊరితో ముడిపడి ఉంది. ఊరు పోతే వీళ్ళకు పోయిందేమిటో రాసుకోవడానికి ఆ లెక్కల కాగితంలో గడి లేదు.

ఎన్నిసార్లు నోటీసులు ఇచ్చినా చాలామంది కదల్లేదు. తరతరాల కృష్ణ వరదలు చూసినవాళ్ళు. నీళ్ళు వస్తాయి, పోతాయి అన్నారు. చివరకు 1981 జూన్‌లో అధికారులు, పోలీసులు ఊళ్ళ మీదికి వచ్చి ఇళ్ళు పడగొట్టించారు. ఆ కార్యక్రమానికి పెట్టుకున్న పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. తొలకరి మొదలయ్యే రోజులు. మట్టిమిద్దెల దూలాలు, దంతెలు, తలుపులు, కడపబండలు ఎడ్లబండ్ల మీద వేసుకుని జనం ఎగువకు నడిచారు. పాతరల్లో జొన్నలు తీసుకోగలిగినవాళ్ళు తీసుకున్నారు. సమాధులు, పీర్ల చావిళ్ళు, కల్లాలు అక్కడే ఉండిపోయాయి.

అదే సమయంలో అదే లోయలో ఇంకో పని ఎంతో శ్రద్ధగా జరిగింది. ముంపులో పడే ప్రాచీన ఆలయాలను పురావస్తు శాఖలు విప్పి, రాళ్ళకు అంకెలు వేసి, కొలతలు, పటాలు, ఫొటోలు తీసి, గట్టున మళ్ళీ కట్టాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. పాపనాశి గుళ్ళూ ఎత్తుకు వచ్చాయి. సోమశిల, జటప్రోలు ఆలయాలు కొత్త చోట నిలబడ్డాయి. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు మీదికి వచ్చాడు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల కోసం నది వైపు పెద్ద కట్టే కట్టారు. ఏ రాయి ఏ రాయి పక్కన ఉండాలో పొరపాటు రాకుండా చూసుకున్నారు. ఇది మన రాష్ట్రం గర్వించవలసిన పని. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గుడిని గుడిగా తరలించవచ్చునని మనకు తెలుసు, చేసి చూపించాం కూడా. ఊరిని ఊరుగా తరలించే ప్రయత్నం మాత్రం ఆ శ్రద్ధతో జరగలేదు. ఎవరి ఇంటి పక్కన ఎవరుండాలి, బడి ఎక్కడ, బావి ఎక్కడ, కూలి దొరికేది ఎక్కడ అని ఎవరూ పటం గీయలేదు. ఒక ఊరివాళ్ళు నాలుగైదు చోట్లకు చెదిరిపోయారు. యుద్ధాలకు భయపడి పారిపోయి వచ్చినవాళ్ళను కాందిశీకులంటాం. మన కాందిశీకులు ఏ సరిహద్దూ దాటలేదు, అంతే తేడా.

మన బడికి ఆ సంగతి ఆ జూన్ నెలలోనే తెలిసింది. ఆరో తరగతి సెక్షన్లు నిండిపోయాయి. బెంచీలు చాలక వెనక వరుసలో కింద కూర్చున్నాం. కొత్తగా వచ్చిన పిల్లల్లో చాలామంది దగ్గర టీసీలు లేవు. వాళ్ళ బడులే లేవు. మన సార్లు తల్లిదండ్రుల మాట మీదే వయసు రాసుకుని చేర్చుకున్నారు. టీసీ తెచ్చేదాకా బయటే ఉండమని ఉంటే వాళ్ళలో సగం మంది కూలికి పోయేవారు. నా పక్కన కూర్చున్న పిల్లవాడు భూగోళం పరీక్షలో కృష్ణానది పటం గీసి, తన ఊరి దగ్గర చుక్క పెట్టి పేరు రాశాడు. అచ్చు పుస్తకంలో ఆ ఊరు ఎప్పుడూ లేదు. సారు ఆ పేరు కొట్టేయలేదు, మార్కులూ తగ్గించలేదు.

తరువాతి కథ చాలామందికి తెలిసిందే. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇచ్చేందుకు 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. మిగిలినవాళ్ళు ఎదురుచూస్తూనే వయసు దాటిపోయారు. జలాశయం నీళ్ళు పోతిరెడ్డిపాడు మీదుగా తెలుగుగంగలో మద్రాసు దాకా వెళ్ళాయి. ముంపు జిల్లాల మెట్ట పొలాలకు కల్వకుర్తి, హంద్రీ–నీవా ఎత్తిపోతల నీళ్ళు రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. పూడిక వల్ల జలాశయం నిల్వ ఇప్పుడు దాదాపు 215 టీఎంసీలకు తగ్గింది. ఎండాకాలంలో నీళ్ళు దిగితే సప్తనదీ సంగమం దగ్గర సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది. దర్శనానికి వేలమంది వెళతారు. ఆ దారిలో బురదలోంచి తేలే ఇళ్ళ పునాదుల దగ్గర నిలబడి ఇది మా వాకిలి, ఇది మా గాటిపాడు అని మనవళ్ళకు చూపించే ముసలివాళ్ళను ఏటా చూస్తాం.

2014 జనవరి నుంచి అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం పునరావాసాన్ని హక్కు చేసింది. భూమి లేకపోయినా మూడేళ్ళుగా ఆ భూమి మీద ఆధారపడి బతికినవాళ్ళను బాధిత కుటుంబంగా గుర్తించింది. శ్రీశైలం నిర్వాసితులకు అది అందలేదు గానీ, వాళ్ళలాంటివాళ్ళ కష్టం నుంచే అది పుట్టింది. ఈ రోజు గోదావరి మీద పోలవరంలో 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అనే మాటలు పత్రికల్లో చదువుతున్నాం. ఆ రెండు అంకెల మధ్య ఉన్నవి కూడా ఊళ్ళే. మన బడిలో చదివి ఇంజనీర్లయినవాళ్ళు, రెవెన్యూలో ఉన్నవాళ్ళు ఆ అంకెను ఊళ్ళ పేర్లతో కలిపి చదవాలని నా కోరిక.

చివరగా ఒక ప్రతిపాదన. 1981, 1982 సంవత్సరాల మన బడి అడ్మిషన్ రిజిస్టర్లలో ‘స్వగ్రామం’ అన్న గడిలో ఆ ఊళ్ళ పేర్లు ఉన్నాయి. కాగితం అంచులు రాలుతున్నాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో సంఘం తరఫున ఆ పేజీలను స్కాన్ చేయిద్దాం. ఆ పిల్లలు ఇప్పుడు మన వయసువాళ్ళు. ఎవరు ఎక్కడ స్థిరపడ్డారో కనుక్కుని, వాళ్ళ ఊరి వీధులు, బావులు, పండుగల వివరాలు వాళ్ళ మాటల్లోనే రాయిద్దాం. ఇంకో పదేళ్ళు ఆగితే చెప్పే పెద్దవాళ్ళు ఉండరు. ఖర్చులో నా వంతు నేను ఇస్తాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు తీసుకోవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.