స్పుత్నిక్‌కు ముందే ఎగిరిన కాగితపు గొట్టం

అమెరికా బడిపిల్లల రాకెట్లకు స్పుత్నిక్ ప్రాణం పోసిందన్నది బాగా స్థిరపడిన కథ. 1957 అక్టోబరు 4న సోవియట్ ఉపగ్రహం ఎగిరింది, దేశం ఉలిక్కిపడింది, కుర్రాళ్లు పెరట్లో రాకెట్లు కట్టారు. 'అక్టోబర్ స్కై' సినిమా (1999) దాన్ని ఇంకా గట్టిపరిచింది. అందులో నిజముంది. కానీ ఏడో తరగతి పిల్ల చేతికి రాకెట్ ఎలా అందిందో ఆ కథ చెప్పదు.

తేదీలు చూద్దాం. నెబ్రాస్కాలోని నార్ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్‌కు బాణసంచా అంటే మక్కువ. సోదరుడు రాబర్ట్ ఇచ్చే ఉపన్యాసాల కోసం 1954లోనే ఆయన కాగితపు గొట్టంతో రాకెట్ చేశాడు. మన తారాజువ్వ ఒకసారి ఎగిరి బూడిదవుతుంది. కార్లైల్ రాకెట్ పారాచూట్‌తో దిగుతుంది, కొత్త మోటారు పెడితే మళ్లీ ఎగురుతుంది. సొంత రాకెట్లతో పిల్లలు కొనితెచ్చుకుంటున్న ప్రమాదాల గురించి రాకెట్ ఇంజనీరు జి. హ్యారీ స్టైన్ రాసిన వ్యాసం చదివి, కార్లైల్ తన నమూనాలు ఆయనకు పంపాడు. అది 1957 ఆరంభం. స్పుత్నిక్ ఎగరడానికి ఇంకా నెలలున్నాయి.

స్పుత్నిక్ గిరాకీ పెంచిన మాట నిజమే. అది లేకపోతే మోడల్ రాకెట్ల తయారీదారు వెర్న్ ఎస్టెస్ మోటార్లు చేసే యంత్రం కట్టేవాడు కాదేమో. అయితే ఉత్సాహం ఒక్కటే ఉన్నచోట పిల్లలు ఇనుప గొట్టాల్లో అగ్గిపుల్లల మందు దట్టించి వేళ్లు పోగొట్టుకున్నారు. స్టైన్ నియమాలు సూటిగా ఉండేవి: లోహపు గొట్టం వద్దు, మందు కలపొద్దు, దూరం నుంచి కరెంటుతోనే వెలిగించాలి. మందు చేతిలోంచి పోయాకే పిల్లల చేతికి ఇంజనీరింగ్ వచ్చింది: రెక్కల కోణం, బరువు సమతూకం, పారాచూట్ మడత. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఈ దారి తర్వాత కూడా సాగింది. 1998లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాబ్ ట్విగ్స్ విద్యార్థుల కోసం కూల్‌డ్రింక్ డబ్బాలో ఇమిడే ఉపగ్రహాన్ని ప్రతిపాదించాడు. 2003లో అమెరికాలో గుడ్డు పగలకుండా ఎగరేసి దించే పోటీ మొదలైంది. ఆ పోటీ మీద నాకు గౌరవం. తప్పెక్కడో టీచరు చెప్పనక్కర్లేదు, పగిలిన గుడ్డే చెబుతుంది.

అన్నీ ముందే కోసిపెట్టి, అతికించడమొక్కటే పిల్లలకు మిగిల్చే కిట్ల మీద మాత్రం నమ్మకం కుదరదు. కార్లైల్ ఇచ్చిన అసలు వరం రెండోసారి ఎగరేసే అవకాశం. ఒక పీరియడ్‌లో ఒక్కసారి ఎగరేసి, చప్పట్లు కొట్టి ముగించేస్తే అది మళ్లీ తారాజువ్వే.