లెవెగ్ తప్పా, రోడ్డు తప్పా?

పోయిన నెల బెంగుళూరు నుంచి ఊరికి వస్తుంటే మొగిలి ఘాట్‌లో మా బస్సు ఆగిపోయింది. ముందు ఓ లారీ పక్కకి ఒరిగి పడుంది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇంకా ఎవరూ బస్సు దిగి చూడకముందే తీర్పు వచ్చేసింది: "డ్రైవరు నిద్రపోయుంటాడు లే!" బంగారుపాళ్యంలో దిగి ఇంటికెళ్ళి చెప్తే మా మామదీ అదే మాట. "ఇంకేముంటాది రా, డ్రైవరుదే తప్పు."

నాకెందుకో పియేర్ లెవెగ్ గుర్తొచ్చాడు. చాలామంది ఈ పేరు విని ఉండరు. విన్నవాళ్ళకి కూడా ఒక్క ప్రమాదంతోనే తెలుసు. అది అన్యాయం అనిపించి ఇది రాస్తున్నా.

లెవెగ్ 1905లో పారిస్‌లో పుట్టాడు. అసలు పేరు పియేర్ బూయ్యాఁ. కార్ల రేసుల తొలి రోజుల్లో తన బంధువు ఒకాయన 'లెవెగ్' అనే పేరుతో పోటీ చేసేవాడు, ఆ పేరే ఈయనా పెట్టుకున్నాడు. 1950, 51లలో ఫార్ములా వన్‌లో 6 రేసులు నడిపితే ఒక్క పాయింటూ రాలేదు. ఆయన మనసంతా లె మాన్ మీదే. అదో 24 గంటల రేసు. శనివారం సాయంత్రం 4కి మొదలై ఆదివారం సాయంత్రం 4కి ముగుస్తుంది. ఒక చుట్టు దాదాపు 13 కిలోమీటర్ల పైనే. అప్పట్లో కారుకి ఇద్దరు డ్రైవర్లు, వంతులవారీగా నడపాలి. 1951లో లెవెగ్ కారు నాలుగో స్థానంలో వచ్చింది.

1952లో టాల్బో కారుతో మళ్ళీ వచ్చాడు. ఈసారి స్టీరింగ్ వదల్లేదు! పక్కన రెనే మార్షాఁ అనే కో-డ్రైవర్ సిద్ధంగా ఉన్నా, ఆగిన ప్రతిసారీ మళ్ళీ తనే ఎక్కి కూర్చున్నాడు. ఇంజన్‌లో ఏదో తేడాగా ఉందని, దాన్ని తను మాత్రమే జాగ్రత్తగా లాక్కురాగలనని అనుకున్నాడంటారు. ఆదివారం పొద్దుటికి మెర్సిడెస్ కార్ల మీద నాలుగు చుట్ల ఆధిక్యం. యుద్ధం ముగిసి అప్పటికి ఏడేళ్ళే, ఫ్రెంచి జనం ముందు ఒక ఫ్రెంచి వాడు ఫ్రెంచి కారులో ఒంటిచేత్తో జర్మన్లని ఓడిస్తున్నాడు. ఎంత సంబరపడి ఉంటారో ఊహించుకోండి. ఇంకో గంట పైచిలుకు మిగిలుండగా ఇంజన్ పోయింది. గెలుపు మెర్సిడెస్‌కే దక్కింది. అలసటలో తప్పు గేరు వేశాడని కొందరు, క్రాంక్‌షాఫ్ట్ దగ్గర ముందునుంచే లోపం ఉందని ఇంకొందరు. రిలీజ్ రాత్రి "నువ్వెళ్ళి పడుకో, నేను చూస్కుంటా" అనేవాడు మనందరి టీముల్లోనూ ఒకడుంటాడు కదా. ఆ మొండితనం తప్పే కావచ్చు గానీ, 23 గంటలు అలా నడపడం మామూలు విషయం కాదు.

ఆ నడక చూసిన మెర్సిడెస్ టీమే 1955లో ఆయన్ని పిలిచి కారిచ్చింది. అప్పటికి లెవెగ్‌కి 49 ఏళ్ళు. కో-డ్రైవర్ జాన్ ఫిచ్ అనే అమెరికన్.

జూన్ 11, సాయంత్రం 6:26. ముందున్న హాథార్న్ తన జాగ్వార్‌ని పిట్‌లో ఆపడానికి బ్రేకు వేశాడు. డిస్క్ బ్రేకులు, చటుక్కున వేగం తగ్గింది. వెనక ఆస్టిన్-హీలీలో ఉన్న మ్యాక్లిన్ దాన్ని తప్పించుకోవడానికి ఎడమకి తిప్పాడు. ఆ వెనకే సుమారు 240 కిలోమీటర్ల వేగంతో లెవెగ్. ఆయన కారు మ్యాక్లిన్ కారు మీదికెక్కి గాల్లోకి లేచి, పక్కనున్న మట్టికట్టకి కొట్టుకుంది. ఊడిపోయిన ఇంజన్, ముందు ఇరుసు జనంలోకి దూసుకుపోయాయి. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చచ్చిపోయారు. వెనకే వస్తున్న ఫాంజియో ప్రాణాలతో బయటపడ్డాడు. లెవెగ్ చెయ్యెత్తి తనని హెచ్చరించాడని ఆయన తర్వాత చెప్పాడు.

ఇక మొదలైంది వేట. తప్పు హాథార్న్‌దా, మ్యాక్లిన్‌దా, లేక ఆ వయసులో అంత వేగం తట్టుకోలేని లెవెగ్‌దా? లెవెగ్ ఎలాగూ లేడు, సమాధానం చెప్పుకోలేడు. విచారణ మాత్రం ఏ ఒక్క డ్రైవర్నీ దోషి అనలేదు.

ఇక్కడ రెండు అంకెలు చూడండి. 1923లో మొదటి లె మాన్ గెలిచిన కారు సగటు వేగం గంటకి 92 కిలోమీటర్లు. 1955లో గెలిచిన కారుది 172. వేగం రెట్టింపు కావొస్తున్నా పిట్‌ల ముందు రోడ్డు ఇరుకుగానే ఉంది. ఆగే కార్లకీ దూసుకుపోయే కార్లకీ మధ్య గోడ లేదు. జనానికీ కార్లకీ మధ్య ఒక మట్టికట్ట. మన భాషలో చెప్పాలంటే, వంద మంది యూజర్ల కోసం కట్టిన సిస్టమ్ మీద లక్ష మందిని వదిలి, పడిపోయాక ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడి పేరు ఆర్సీఏలో రాయడం లాంటిది. 1956 రేసుకల్లా అక్కడ రోడ్డు వెడల్పు చేశారు, స్టాండ్లు వెనక్కి జరిపి కట్టారు. అంటే తప్పెక్కడుందో తెలియక కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది జాన్ ఫిచ్ కథ. ఆ రోజు తన వంతు రాకుండానే రేసు ముగిసిపోయిన మనిషి. ఆయన తర్వాత రోడ్డు భద్రత మీద పడ్డాడు. అమెరికాలో ఆన్‌సైట్ చేసినవాళ్ళు చూసే ఉంటారు, హైవే ఎగ్జిట్ చీలే చోట ఇసుక నింపిన పసుపుపచ్చ పీపాలు వరసగా ఉంటాయి. వాటి పేరే ఫిచ్ బ్యారియర్. నిద్రమత్తులో వచ్చి గుద్దినా మనిషి బతకాలి అన్నదే వాటి లెక్క. డ్రైవరు తప్పు చేస్తాడు అని ముందే ఒప్పుకున్న పీపాలు అవి!

మా ఊరి సంగతికొస్తే, జూన్, జూలైల్లో తోతాపురి కాయలు వేసుకుని ట్రాక్టర్లు మార్కెట్ యార్డుకి వస్తాయి. అదే హైవే మీద వాటి పక్కనుంచే వందకి పైగా వేగంతో కార్లు. లె మాన్‌లో పిట్‌ల ముందు ఉన్నదీ ఇదే కదా, ఆగేవాడూ ఆగనివాడూ ఒకే రోడ్డు మీద.

ఇదంతా మామకి చెప్పా. చివరిదాకా విని, "అయితే డ్రైవరు తప్పే లేదంటావా?" అన్నాడు. ఉండొచ్చు మామా. కానీ తప్పు వాడిదని తేల్చేసి మనం పడుకుంటే, రేపు అదే మలుపులో ఇంకొకడు వస్తాడు కదా.