కాడి నుంచి హుక్కు దాకా: మూడు పట్టణాల బండి బిగింపు

హైదరాబాదు నుంచి విజయవాడకు సాగే జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ, దానికి దక్షిణాన నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ ఉన్నాయి. ఈ మూడు పట్టణాల చరిత్రలో సాయుధ పోరాటానికీ, కాలువ నీటికీ, రైసు మిల్లులకూ దక్కిన చోటు, పొలంలోని ధాన్యాన్ని పట్టణానికి చేర్చిన బండికి దక్కలేదు. అందులోనూ బరువునూ దాన్ని లాగేదాన్నీ కలిపే బిగింపును ఎవరూ అంతగా పట్టించుకోలేదు. అయితే ఆ బిగింపును ఎవరు విప్పారు, విప్పి ఎక్కడ దాచారు, చెడితే ఎవరు బాగుచేశారు అన్న ప్రశ్నలను వెంబడిస్తే ఈ ప్రాంతపు సేద్యం మారిన తీరు చాలావరకు తేటపడుతుంది.

బండ్లు నడవగల బాటలు తక్కువగా ఉన్న కాలంలో తీరం నుంచి ఉప్పును, లోపలి నేలల నుంచి ధాన్యాన్ని లంబాడీలు ఎద్దుల వీపుల మీద గోతాలు వేసి తోలుకువెళ్లేవారు. ఆ రవాణాలో బరువు పశువు మీదనే ఉండేది కాబట్టి బిగింపు అన్న మాటే లేదు. ఎడ్లబండి వచ్చాకనే అది పుట్టింది. బండి అడుగు నుంచి ముందుకు సాగి కొన దగ్గర కలిసే రెండు పొడవాటి కర్రలు నొగలు. ఆ కొనకు అడ్డంగా మోకుతో బిగించేది కాడి. ఎద్దు మెడ పక్కకు జారకుండా కాడికి గుచ్చే పుల్లలు చిలుకలు. మెడ కింద నుంచి తిప్పి కట్టేది పట్టెడ. ఇవన్నీ కర్రా తాడూ తోలే కాబట్టి ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లవాడు కూడా పట్టెడ విప్పి, ఎడ్లను వదిలి, నొగల కింద ఊతకర్ర నిలబెట్టగలిగేవాడు. కాడి కొట్టంలో గోడకు చేరగిలబడేది, నాగలి అటకెక్కేది, ఏరువాక పున్నమి నాడు రెండూ పసుపు కుంకుమలతో మళ్లీ వాకిట్లోకి వచ్చేవి. కాడి విరిగితే వడ్రంగి, చక్రపు ఇనుప పట్టా వదులైతే కమ్మరి చూసుకునేవారు. వారి కూలి పని పనికీ కాక, కోతల తరువాత కళ్లంలో కొలిచి ఇచ్చే మేర గింజల రూపంలో ముట్టేది.

అయితే బండి రైతుదే అయినా దాన్ని ఎప్పుడు కట్టాలన్న నిర్ణయం అన్ని వేళలా రైతుది కాదు. నిజాం పాలనలో దేశ్‌ముఖులకూ పర్యటనకు వచ్చే అధికారులకూ బండ్లు కట్టడం, వారి పొలాలు ముందుగా దున్నిపెట్టడం వెట్టిలో భాగాలు. తన చేను అదను తప్పిపోతున్నా కాడి ఇతరుల కోసం ఎత్తవలసి రావడం రైతును ఎంతగా రగిలించిందో, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట తాలూకా నిలిచిన తీరు చెబుతుంది. ఆ పోరాటాన్ని భూమి కోసం జరిగినదిగా మాత్రమే చూడడం సరిపోదు. సొంత ఎడ్ల మీదా సొంత కాడి మీదా హక్కు కూడా అందులో ఒక ముఖ్యమైన కోరిక.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలాక, లాల్ బహదూర్ కాలువగా పేరు పెట్టిన ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో జొన్న, సజ్జ చేలు వరి మడులయ్యాయి. దేశంలో ట్రాక్టర్ల తయారీ కూడా దాదాపు అదే కాలానిది: ఫరీదాబాదులో ఐషర్ 1959లో తొలి ట్రాక్టరును వెలికితెచ్చింది, మద్రాసులో టాఫే 1960లో మొదలైంది, పంజాబులో స్వరాజ్ 1974లో వచ్చింది. ఈ యంత్రాలన్నిటి వెనుక కనిపించే మూడు చేతుల అమరిక ఐర్లాండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ 1920లలో రూపొందించి, 1936 నాటికి సొంత ట్రాక్టరు మీద, 1939లో ఫోర్డు ట్రాక్టరు మీద మార్కెట్టుకు తెచ్చినది; కింద రెండు చేతులు పనిముట్టును లాగుతూ, హైడ్రాలిక్ లిఫ్టు బలంతో దాన్ని ఎత్తుతూ దించుతూ ఉంటే, పైనున్న టాప్ లింకు అది వెనక్కి ముందుకు తూలకుండా నిలుపుతుంది. ట్రాలీని మాత్రం ఈ చేతులకు కాక, వాటి కింద ఇనుప పట్టీలతో బిగించిన హుక్కుకు పిన్ను వేసి తగిలిస్తారు. హుక్కు అంత కిందికి ఉండడానికి గట్టి కారణం ఉంది: లాగే చోటు వెనుక ఇరుసు కంటే పైన ఉంటే, బరువు మొరాయించిన క్షణంలో ఇంజను బలం ముందు చక్రాలను నేల నుంచి లేపి ట్రాక్టరును నడిపేవాడి మీదికే తిరగేస్తుంది. బురదలో దిగబడిన ట్రాలీని లాగడానికి గొలుసును టాప్ లింకు దగ్గర కట్టడం ప్రాణాంతకం.

వరి సేద్యంలో ఈ హుక్కు ఏడాది పొడవునా ఒకేచోట ఉండదు. తెలంగాణలో కరిగెట అనీ కృష్ణా జిల్లా వైపు దమ్ము అనీ పిలిచే బురద దున్నకం మొదలవగానే ట్రాలీని విప్పి, ట్రాక్టరుకు ఇనుప కేజీ వీల్స్ తొడిగి, వెనుక రోటావేటరు తగిలించాలి. దాన్ని తిప్పే ఇరుసుకు ట్రాలీ హుక్కు పట్టీలు అడ్డు వచ్చే ట్రాక్టర్లలో వాటినీ ఊడదీయాలి. రెండు చక్రాల ట్రాలీ అయితే దాని ముందు బరువు కొంత హుక్కు మీదనే ఆనుతుంది కాబట్టి, ఒట్టి ట్రాలీని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు స్టాండు దించాకనే పిన్ను గుంజాలి; తొట్టిని ఎత్తే హైడ్రాలిక్ పైపును విప్పి మూతికి గుడ్డ చుట్టకపోతే దుమ్ము చేరి పంపు చెడుతుంది. ఊడిన ఇనుమును ఒక్కరు మోయలేరు. గడ్డపారతో తెమిల్చి ఇద్దరు ముగ్గురు పట్టి, నేల చెమ్మ తగలని చెక్కల మీద ఉంచి, గ్రీజు రాసి, పిన్నులను తీగతో దానికే కట్టి ఉంచిన ఇంట్లో కోతల నాడు వెతుకులాట ఉండదు. వానకు వదిలేసిన చోట బోల్టులు తుప్పుతో అతుక్కుపోయి, నరికి తీయవలసి వస్తుంది.

కాడి ప్రతి రైతు కొట్టంలోనూ ఉండేది; హుక్కు ట్రాక్టరు ఉన్న కొద్దిమంది ఇళ్లకే పరిమితమైంది. మిగిలిన రైతులు దున్నకానికీ తోలకానికీ గంటల లెక్కన, ట్రిప్పుల లెక్కన కిరాయి కట్టసాగారు. మేర గింజలు తీసుకున్న వడ్రంగి, కమ్మరి స్థానంలో పట్టణపు వెల్డింగ్ షాపు వచ్చింది, అక్కడ నగదే చెల్లుతుంది. పని త్వరగా సాగిందన్నది నిజమే గాని, బిగింపు మీద రైతుకున్న అధికారం మళ్లీ చేతులు మారిందన్నదీ అంతే నిజం.

కాడి పూర్తిగా మాయం కాలేదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే లింగమంతుల స్వామి జాతరకు బండ్లు కట్టుకొచ్చిన కుటుంబాలు ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టరు ట్రాలీల్లో వస్తున్నా, కోదాడకు దగ్గరి మేళ్లచెరువులో శివరాత్రికి జరిగే బండలాగుడు పందేల్లో ఒంగోలు ఎడ్ల మెడ మీద కాడి, దాని నుంచి బండరాతికి కట్టిన గొలుసు ఇంకా కనిపిస్తాయి.

ఇక హుక్కు సంగతికొస్తే, కోత యంత్రాలు వచ్చాక మొదట ట్రాలీకి పని పెరిగింది. కళ్లంలో ఆరబెట్టే అవకాశం లేని పచ్చి వడ్లను కోసిన రోజే మిల్లుకు చేర్చాలి కాబట్టి మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, ఆ రద్దీని అదుపు చేయడానికి ఇటీవలి సంవత్సరాల్లో రైతులకు టోకెన్లు కూడా ఇచ్చారు. దొడ్డు వడ్ల దారి మాత్రం వేరుగా మారింది. ఊళ్లలో తెరిచిన కొనుగోలు కేంద్రాల దాకానే ట్రాలీ వెళ్తుంది, అక్కడి నుంచి బస్తాలను లారీలు మిల్లులకు మోస్తాయి. పట్టణం దాకా సాగే పాత తోలకం ఇప్పుడు ఎక్కువగా సన్న వడ్లతోనే నడుస్తోంది.