అరసవల్లి కిరణాలు – భౌతికశాస్త్ర పరిధి

శ్రీకాకుళం చెంతనున్న అరసవల్లి సూర్యదేవాలయాన్ని 7వ శతాబ్దంలో కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి. ఏటా మార్చి రెండవ వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి రోజుల్లో మరొకసారి ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఏడాదికి రెండు పర్యాయాలే ఎందుకు?

కాంతి ఋజుమార్గంలో పయనిస్తుంది. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉన్నందువల్ల సూర్యోదయస్థానం ఏడాది పొడవునా ఉత్తర దక్షిణాలకు జరుగుతూ ఉంటుంది. మార్చిలో ఉత్తరానికి వస్తూ, అక్టోబరులో దక్షిణానికి పోతూ, సూర్యుడు తూర్పుకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ద్వారాలు ఆ చోటికి ఎదురుగా ఉంటే కిరణం గర్భాలయం చేరుతుంది.

ఇట్టి నిర్మాణానికి ఓపికతో కూడిన పరిశీలన చాలును, కారణం తెలియనక్కరలేదు. కారణాన్వేషణకు శతాబ్దాలు పట్టింది. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని ఆర్యభటుడు 499లో చెప్పాడు. మామిడిపండును నేలకు రాల్చే ఆకర్షణే భూమిని సూర్యుని చుట్టూ త్రిప్పుతున్నదని న్యూటన్ 1687లో ప్రకటించాడు.

పరిశీలించడం, కొలవడం, కారణం వెదకడం, ఫలితాన్ని ముందుగా చెప్పి సరిచూచుకోవడం – ఇదే భౌతికశాస్త్రం. చలనం, కాంతి, ఉష్ణం, శబ్దం, విద్యుత్తు, పరమాణువు – అన్నీ దాని పరిధిలోనివే. లెక్క తప్పినపుడు మార్చుకోవలసినది సిద్ధాంతాన్నే కాని ప్రకృతిని కాదు.