తీగ ఒకటే, ఒడంబడికలు రెండు

బెజవాడ కూడలికి 1889లో నిజాము రాజ్యమునుండి బ్రాడ్‌గేజి రైలుమార్గము వచ్చి చేరినది. గుంతకల్లు వైపునుండి వచ్చిన సదరన్ మరాఠా కంపెనీవారి మార్గము మీటరుగేజి. ఒకదాని పెట్టె రెండవదాని పట్టాలపై నడువదు. ఇటు బండిలోని బస్తాను కూలీలు దింపి అటు బండికి ఎక్కింపవలసినదే. ఆ కూలి, ఆ జాప్యము సరకుపై పడుచుండెను. పట్టాల నడిమి వెడల్పును నిర్ణయించినవారు వేరు, ఆ ఖర్చు మోసినవారు వేరు.

సరిగా నూరేండ్లకు, 1989లో, కార్యాలయములలోని కంప్యూటర్లకు ఇట్టి చిక్కే మరియొక రూపమున వచ్చినది. ఆ కథ శ్రోతలలో బహుకొద్దిమంది వినియుందురు.

చిక్కు వచ్చినది తీగవద్ద కాదు. ఈథర్‌నెట్ అను పద్ధతిని 1973లో జిరాక్సు కంపెనీ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రభృతులు కల్పించిరి. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్సు కంపెనీలు మూడును కలిసి దాని వివరములను లోకమునకు వెల్లడించినవి. కొలది సంవత్సరములలోనే అది ఇంజనీర్ల సంస్థ అంగీకరించిన ప్రమాణమైనది. ఇక ఎవరు చేసిన పరికరమైనను ఆ తీగపై ఒకే భాష పలుకవలెను. కాని ఆ కట్టుబాటు పెట్టె వెలుపలనే ఆగిపోయినది.

పెట్టెలోపల తీగను అందుకొనునది కార్డు అను చిన్నపలక. దానిని నడపు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. 1981లో ఐ.బి.ఎం. పి.సి. వెలువడిన పిమ్మట కార్డులు చేయువారు పెక్కుమంది బయలుదేరిరి. ఒక్కొక్కరి కార్డుకు ఒక్కొక్క అలవాటు. నావెల్ కంపెనీవారి నెట్‌వర్కున తొలిరోజులలో, ఐ.పి.ఎక్స్. అను సంభాషణా ప్రోగ్రామును ఆ యంత్రమునందలి కార్డునకు సరిపడు డ్రైవరుతో కలిపి, ఒకే ముద్దగా తయారు చేయవలసి యుండెను. కార్డు మారినచో ముద్దను మరల కలుపవలెను.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. అట్టి ప్రోగ్రాము కార్డును సంపూర్ణముగా తన వశము చేసికొనెడిది. నావెల్ సర్వరులోని పద్దులు చూచు గుమాస్తా, యూనిక్సు యంత్రముతో మాటాడవలెనన్నచో కంప్యూటరును ఆర్పి మరల వెలిగింపవలసినదే. తీగ ఒకటే, కార్డు ఒకటే. అయినను ఒక సమయమున ఒక్కరికే ప్రవేశము!

దీనికి మొదటి మందు ఎఫ్.టి.పి. సాఫ్ట్‌వేరు అను చిన్న కంపెనీ కనిపెట్టినది. కార్డునకును పై ప్రోగ్రాములకును నడుమ ప్యాకెట్ డ్రైవరు అను కట్టుబాటును ఏర్పరచి, దానిని ఎల్లరకు వెల్లడించినది. వచ్చిన ప్రతి పొట్లముపై దాని జాతిని తెలుపు సంఖ్య యుండును. తపాలా కార్యాలయమున ఉత్తరములు వేరుచేసినట్లు, డ్రైవరు ఆ సంఖ్యను చూచి ఎవరిది వారికి ఇచ్చును. అమెరికాలోని క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయమునుండి అట్టి డ్రైవర్లు ఉచితముగా వెలువడినవి. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

పెద్దలు ఊరకుందురా? 1989లో మైక్రోసాఫ్టు, త్రీకామ్ కలిసి ఎన్.డి.ఐ.ఎస్. అను ఒడంబడికను, నావెల్, ఆపిల్ కలిసి ఓ.డి.ఐ. అను ఒడంబడికను తెచ్చినవి. రెండింటి ఉద్దేశమొక్కటే: కార్డు ఏదైనను పై ప్రోగ్రాము మారకుండుట, ఒక కార్డుపై అనేక ప్రోగ్రాములు నడచుట. కాని ఒకదానికి వ్రాసిన డ్రైవరు రెండవదానికి పనికిరాదు. కార్డు తయారుచేయువాడు రెండేసి డ్రైవర్లు వ్రాయవలసి వచ్చినది.

ఈ భారమునుండి తప్పించుకొనుటకు చిన్న తయారీదారులు చూచుకొన్న దారి అనుకరణము. నావెల్‌వారి ఎన్.ఇ.2000 కార్డు నడుచు తీరున నడుచు కార్డును చేసినచో, డ్రైవరు ముందే సిద్ధముగా నుండును. తైవాను చౌక కార్డులు ఈ విధముగనే లోకమంతట నిండినవి. ఒడంబడికలు చేయలేని పనిని నకలు చేసినదనుట అతిశయోక్తి కాదు.

రెండు పక్షములను కలుపుటకు వంతెన ప్రోగ్రాములును పుట్టినవి. ఒడిన్‌సప్ అను నావెల్‌వారి ప్రోగ్రాము, ఓ.డి.ఐ. డ్రైవరుపై ఎన్.డి.ఐ.ఎస్. ప్రోగ్రాములను నడపెడిది. కాని నాటి డాస్ యంత్రమున సామాన్య ప్రోగ్రాములకు దక్కు స్మృతి 640 కిలోబైట్లే. పొరపై పొర వేసికొలది ఆ స్థలము హరించెడిది. చివరకు నెట్‌వర్కు చక్కగా కలిసెడిది, లెక్కల ప్రోగ్రామునకు మాత్రము చోటు చాలకపోయెడిది. ఒడంబడిక కుదరని ఖర్చు ఇక్కడను గుమాస్తాపైననే పడినది.

తగవు తీరుటకు గుణదోష విచారణ కారణము కాలేదు. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి., ఆపై విండోస్ 95 ఎన్.డి.ఐ.ఎస్.ను తమతోడనే తెచ్చినవి. పెట్టె కొన్నవానికి అది ఇంటనే యున్నది, ఓ.డి.ఐ.ని వేరుగా తెచ్చుకొనవలెను. కాలక్రమమున కార్డులవారు దానికి డ్రైవర్లు వ్రాయుట మానివేసిరి. గుంటూరు, గుంతకల్లుల నడిమి మీటరుగేజి బ్రాడ్‌గేజిగా మారినదియు ఆ దశాబ్దముననే.

విండోస్‌ను వాడని లినక్సువారి అవస్థ అంతటితో తీరలేదు. నిస్తంత్రీ కార్డులు వచ్చిన కాలమున, పెక్కు కంపెనీలు విండోస్‌కు మాత్రమే డ్రైవర్లు ఇచ్చినవి. అప్పుడు, 2003లో, ఎన్.డి.ఐ.ఎస్. వ్రాపర్ అను ప్రోగ్రాము వెలువడినది. విండోస్ కొరకు వ్రాసిన డ్రైవరును అది లినక్సులోనికి తీసికొనివచ్చి, తాను విండోస్‌లోనే ఉన్నట్లు నమ్మించి, దానిచే పని చేయించెను.