పంజరం లేని రోజులు

మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ తీస్తే ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో కనిపించింది. మట్టి ట్రాక్ మీద ఒక కారు అడ్డంగా జారుతోంది. మలుపేమో ఎడమకి, ముందు చక్రాలేమో కుడికి. డ్రైవర్ తల, భుజాలు, చేతులు మొత్తం బయటే ఉన్నాయి. జూమ్ చేస్తే మోచేయి బిగుసుకున్నది కూడా తెలుస్తోంది. వెంటనే సేవ్ చేశా.

అది స్ప్రింట్ కారు. అమెరికాలో చిన్న చిన్న ఊళ్ల బయట, అర మైలు మట్టి ట్రాక్‌ల మీద గుండ్రంగా తిరిగే కారు. దీనికి స్టార్టర్ ఉండదు, వెనక నుంచి ఇంకో బండి తోయాల్సిందే. ఇప్పటి పెద్ద రకం ఇంజిన్ పవర్ 900 హార్స్‌పవర్ దగ్గర ఉంటుంది. అంటే మన స్విఫ్ట్‌కి దాదాపు పది రెట్లు, బరువు మాత్రం స్విఫ్ట్ కంటే తక్కువ! పాత కార్లకి అంత పవర్ లేదనుకోండి. కానీ డ్రైవర్ చుట్టూ ఇనుప పంజరం కూడా లేదు. తల వెనక ఒక చిన్న రోల్ బార్, అంతే. కారు పల్టీ కొడితే మధ్యలో ఉన్నది మనిషే.

ఆ రోజులే గొప్పవి అనేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఫోటో చూసిన మొదటి నిమిషంలో నేనూ అదే బ్యాచ్. తర్వాత 1966 గురించి చదివా.

ఏప్రిల్‌లో ఒహైయోలోని ఎల్డోరా ట్రాక్. జానీ రూథర్‌ఫోర్డ్ కారు పల్టీలు కొట్టి బయట పడింది. రెండు చేతులూ విరిగాయి. జూన్ 11న పెన్సిల్వేనియాలోని రీడింగ్‌లో ఒకే ప్రమాదంలో జడ్ లార్సన్, రెడ్ రీగల్ ఇద్దరూ పోయారు. నవంబర్ 12న కాలిఫోర్నియాలోని ఆస్కట్ పార్క్. డాన్ బ్రాన్సన్ కారు గోడకి కొట్టుకుంది, వెనకొస్తున్న డిక్ అట్కిన్స్ కారు వచ్చి దాన్ని గుద్దేసింది. ఇద్దరూ బతకలేదు. బ్రాన్సన్‌కి అప్పుడు 46 ఏళ్లు. ఐదు నెలల్లో, రెండు రేసుల్లో, నలుగురు.

రూథర్‌ఫోర్డ్ తర్వాత ఇండియానాపొలిస్ 500 మూడుసార్లు గెలిచాడు: 1974, 1976, 1980. కాబట్టి ఎల్డోరా పల్టీ ఆయన కథలో ఒక హీరో సీన్ అయిపోయింది. మిగతా నలుగురికి ఆ తర్వాతి సీనే లేదు. పాత రోజుల గురించి మనం వినేదంతా బతికి బయటపడ్డవాళ్ల నోటి నుంచే కదా. డేటాలో సగం వరుసలు డిలీట్ చేసేసి యావరేజ్ తీసినట్టుంది ఇది.

1970ల మొదట్లో రోల్ కేజ్ తప్పనిసరి అవుతూ వచ్చింది. అది పిరికివాళ్ల కోసం అన్నవాళ్లూ ఉన్నారు. ఒక మాట ఒప్పుకోవాలి, పంజరం వచ్చాక మనిషి కనబడడం మానేశాడు. పైన రెక్క, చుట్టూ గొట్టాలు, మొహం మీద ఫుల్ హెల్మెట్. లోపల ఎవరున్నారో కారు నంబర్ చూసి తెలుసుకోవాలి. పాత అభిమానులు మిస్ అవుతున్నది చావుల్ని కాదు, ఆ మోచేయిని అని నాకనిపిస్తుంది. అయితే ఆ మోచేయి కనిపించాలంటే అది దెబ్బ తగిలే చోట ఉండాలి. రెండూ విడదీయలేం.

పంజరంతో ప్రమాదం పూర్తిగా పోయిందని కూడా కాదు. 2013 జూన్‌లో న్యూజెర్సీలో జేసన్ లెఫ్లర్ స్ప్రింట్ కారులోనే చనిపోయాడు.

ఆస్కట్ పార్క్ 1990లో మూతపడింది. ఎల్డోరాలో రేసులు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఆ ఫోటో నా ఫోన్‌లోనే ఉంది, డిలీట్ చేయలేదు. వాల్‌పేపర్‌గా పెట్టుకుందాం అనుకున్నా, అది మాత్రం మానేశా.