నమ్మదగ్గ తూటా కోసం: భారీ వేట రైఫిళ్ల హ్యాండ్‌లోడింగ్ చరిత్ర

ఆఫ్రికా పొదల్లో గాయపడిన కేప్ బఫెలో ఒక్కసారిగా మీదికి వస్తే వేటగాడికి దక్కే వ్యవధి ఒక్క గుండుకు, మహా అయితే రెండు గుండ్లకు సరిపోతుంది. అప్పుడు తూటా అడుగున మందును రాజేసే ప్రైమర్ అంటుకోకపోయినా, గుండు ఎముకకు తగిలి చితికిపోయినా మరో అవకాశం ఉండదు. అందుకే భారీ రైఫిళ్ల చరిత్రను బలం పెరుగుతూ వచ్చిన కథగా నేను చూడను. ఈ తూటా తప్పక పనిచేస్తుందన్న భరోసా ఏ కాలంలో ఎవరి చేతిలో ఉందన్నదే అందులో అసలు విషయం. మొదట అది వేటగాడి చేతిలో ఉండేది. తర్వాత కర్మాగారానికి వెళ్లింది. కర్మాగారం చేతులెత్తేశాక మళ్లీ వేటగాడి పనిబల్ల మీదికే వచ్చింది.

గుప్పెళ్లతో మందు పోసిన కాలం

19వ శతాబ్దం నడుమ దాకా తుపాకీ పట్టిన ప్రతివాడూ తన మందు తానే కూర్చుకునేవాడు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించేవాడు. గొట్టం లావును బోర్ అంకెతో చెప్పేవారు. గొట్టానికి సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకు ఎన్ని తూగితే అది అన్ని బోర్ల తుపాకీ. నాలుగు బోర్ గుండు పావు పౌను, అంటే 110 గ్రాముల పైమాటే. సిలోన్‌లో ఏనుగులను వేటాడి, ఆ తర్వాత నైలు మూలాలు వెదుకుతూ వెళ్లిన శామ్యూల్ బేకర్ వద్ద 'బేబీ' అని పేరున్న తుపాకీ ఏకంగా అరపౌను పేలుడు గుండును విసిరేది. మెత్తని సీసం ఏనుగు పుర్రె మీద చప్పబడిపోతుంది కాబట్టి అందులో తగరమో పాదరసమో కలిపి గట్టిపరిచేవారు. జంతువును బట్టి గుండును ఎంచుకోవడం అన్న విద్యకు ఇది తొలి పాఠం.

1871లో పందొమ్మిదేళ్ల వయసులో దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టిన ఫ్రెడరిక్ సెలూస్ చవక రకం నాలుగు బోర్ తుపాకులతో ఏనుగుల వేట మొదలుపెట్టాడు. నడుముకు కట్టుకున్న తోలుసంచిలోంచి మందును గుప్పెళ్లతో తీసి గొట్టంలో పోసేవాడు. ఒకసారి పేలని తుపాకీలోనే సహాయకుడు మరో మోతాదు దట్టించి అందించాడు. అది పేలినప్పుడు సెలూస్ గాలిలోకి లేచి బోర్లా పడ్డాడు, తుపాకీ గజాల దూరానికి ఎగిరిపోయింది. ఆ తుపాకులు వెనక్కి తన్నే తాకిడి తన నరాలను దెబ్బతీసిందనీ, వాటి జోలికి పోయినందుకు చింతిస్తున్నాననీ అతనే రాశాడు. కొలత లేని మందు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్షి అక్కర్లేదు.

కర్మాగారం చేతికి

1860ల్లో వెనక నుంచి నింపే తుపాకులు, ఇత్తడి గుల్లలో కూర్చిన తూటాలు వచ్చాయి. 1866లో రెండు ప్రైమర్లు పుట్టాయి. అమెరికన్ హైరమ్ బర్డన్ చేసినదాన్ని యూరప్ స్వీకరిస్తే, ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ బాక్సర్ చేసినది చివరికి అమెరికాలో స్థిరపడింది. బాక్సర్ గుల్లకు అడుగున నడిమధ్య ఒక్కటే రంధ్రం ఉంటుంది. పైనుంచి సన్నని సూది దించితే పేలిన ప్రైమర్ ఊడి వస్తుంది. బర్డన్ గుల్లలో రంధ్రాలు పక్కలకు ఉంటాయి కాబట్టి ఆ వీలు లేదు. అమెరికాలో హ్యాండ్‌లోడింగ్, అంటే తూటాలను చేత్తో కూర్చుకోవడం, ఇంటింటి పనిగా పెరగడానికీ, బ్రిటిష్ తూటాల విషయంలో అది కష్టంగా మిగలడానికీ ఈ చిన్న తేడా ఒక ముఖ్య కారణం.

రెండో కారణం కార్డైట్. ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూవార్ 1889లో రూపొందించిన ఈ పొగలేని మందులో 58 శాతం నైట్రోగ్లిసరిన్, 37 శాతం గన్‌కాటన్, 5 శాతం పెట్రోలియం జెల్లీ. 1898లో జాన్ రిగ్బీ సంస్థ తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ (పేరులోని అంకె సుమారుగా గొట్టం లావు, అంగుళాల్లో) 480 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,150 అడుగుల వేగంతో పంపింది. గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు. నాలుగు బోర్ గుండులో మూడో వంతు కూడా బరువు లేని గుండు, ఉక్కు తొడుగుతో ఏనుగు పుర్రెను దాటిపోయింది. అయితే కార్డైట్ పొడిగా పోసుకునే మందు కాదు. సన్నని దారాల కట్టలా ఉంటుంది. సీసా మెడలాంటి తూటాల్లో గుల్లకు మెడ నొక్కకముందే ఆ కట్టను దించాల్సి వచ్చేది. పైగా నాటి ప్రైమర్లలోని పాదరసం ఇత్తడిని పెళుసుబార్చేది, కాల్చిన గుల్ల మళ్లీ వాడటానికి పనికొచ్చేది కాదు. ఈ పని ఇంటి బల్ల మీద అయ్యేది కాదు గనుక వేటగాడు బ్రిటిష్ తూటాల కంపెనీ కైనాక్ పెట్టెను నమ్మాడు.

ఆ కాలంలో తూటాల రూపాన్ని మన దేశమే కొంత మలిచింది. మార్టినీ-హెన్రీ సైనిక రైఫిళ్లకు పనికొస్తాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1907లో భారత్‌కూ సూడాన్‌కూ .450 రకం తూటాల దిగుమతిని నిషేధించింది. దాన్ని దాటడానికే తుపాకీ సంస్థలు .465, .470 వంటి కొత్త కొలతలకు మళ్లాయి. తిరుపతి దగ్గర మామండూరు, చామల లోయల కథలు రాసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్ వాడాడు, కుమావూలో జిమ్ కార్బెట్ .450/400 వాడాడు. ఎండ కూడా తన వంతు పాఠం నేర్పింది. వేడికి కార్డైట్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఉష్ణదేశాల కోసం మందు తగ్గించిన తూటాలను విడిగా అమ్మేవారు. 1911 నాటి .416 రిగ్బీకి అంత పెద్ద గుల్ల పెట్టింది ఒత్తిడిని అదుపులో ఉంచడానికే.

భరోసా తప్పిన రోజులు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వలస సామ్రాజ్యం కుంచించుకుపోయింది. 1960ల నుంచి కైనాక్ ఒక్కొక్క భారీ తూటానూ ఆపేసింది. ఇల్లు కొన్నంత ధర పలికిన జంట గొట్టాల రైఫిళ్లు ఉన్నపళంగా ఉత్త ఇనుమైపోయాయి.

ఆ ఖాళీలోకి అమెరికా నుంచి .458 వించెస్టర్ మాగ్నమ్ వచ్చింది. 1956లో మొదలైన ఈ తూటా 500 గ్రెయిన్ల గుండుకు 2,130 అడుగుల వేగం ఇస్తుందని ప్రకటించారు. మామూలు రైఫిల్లో పట్టాలని గుల్లను రెండున్నర అంగుళాలకు కుదించారు. అందులో మందును గట్టిగా అదమాల్సి వచ్చింది. అలా అదిమిన మందు కొన్నాళ్లకు గడ్డకట్టి సరిగా మండేది కాదు. చాలా రైఫిళ్లలో వేగం చెప్పినదానికి బాగా తగ్గింది. 1959లో మొజాంబిక్‌లో బఫెలో దాడిలో గాయపడిన జాక్ లాట్, గుల్ల పొడవే అసలు సమస్య అని తేల్చుకుని 2.8 అంగుళాల గుల్లతో 1971 నాటికి .458 లాట్‌ను తయారుచేశాడు. ఆ రైఫిల్లో అవసరమైతే పాత .458 తూటా కూడా కాల్చవచ్చు. కర్మాగారం లోపాన్ని హ్యాండ్‌లోడర్లు ఎలా దిద్దారో చెప్పడానికి ఇది సాటిలేని ఉదాహరణ.

పనిబల్ల మీద పునర్జన్మ

పాత బ్రిటిష్ రైఫిళ్లను బతికించడం ఇంకా కష్టమైన పని. తూటాకు కావలసిన గుల్ల, గుండు, మందు మూడూ మార్కెట్లో లేవు. అమెరికాలో కొందరు .460 వెదర్‌బీ గుల్ల అడుగున ఉన్న పట్టీని లేత్ మీద చెక్కేసి .416 రిగ్బీ గుల్లలు చేసుకున్నారు. తర్వాత జిమ్ బెల్ స్థాపించిన బ్రాస్ ఎక్స్‌ట్రూషన్ ల్యాబొరేటరీస్, ఆస్ట్రేలియాలో బర్‌ట్రమ్ సంస్థ కొత్త ఇత్తడి గుల్లలు తయారుచేశాయి. ఆస్ట్రేలియాకే చెందిన వుడ్‌లీ సంస్థ పాత కైనాక్ గుండ్ల ఆకారాన్నే అనుసరించి గుండ్లు చేసింది.

ఆకారం అంత ముఖ్యం కావడానికి జంట గొట్టాల రైఫిల్ నిర్మాణమే కారణం. రెండు గొట్టాల గుండ్లూ ఒకేచోట తగిలేలా ఆ గొట్టాలను ఒక నిర్దిష్ట తూటాతో కాల్చి చూస్తూ అతికిస్తారు. వేగం తగ్గితే గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఈలోగా తాకిడికి రైఫిల్ పక్కకు జరిగి గుండ్లు చెరో వైపు పోతాయి. వేగం మితిమీరితే ఒకదాన్నొకటి దాటి అడ్డంగా పడతాయి. .470 గొట్టాల మీద 75 గ్రెయిన్ల కార్డైట్, 500 గ్రెయిన్ల గుండు అని చెక్కి ఉండేది. కార్డైట్ లేని రోజుల్లో అదే వేగాన్ని వేరే మందుతో, ఒత్తిడి హద్దు దాటకుండా రాబట్టాలి. ఆస్ట్రేలియన్ గ్రేమ్ రైట్ ఈ అంశాన్ని ఏళ్లతరబడి పరీక్షించి రాసిన 'షూటింగ్ ది బ్రిటిష్ డబుల్ రైఫిల్' పుస్తకం ఈ రంగంలో వాళ్లకు పెద్దదిక్కు అయింది. పెద్ద గుల్లలో కొత్త మందు కొంచెమే పడుతుంది కాబట్టి మిగిలిన జాగాను తేలికైన నింపుడు పదార్థంతో పూరించి, మందు ప్రైమర్‌ను ఆనుకునే ఉండేలా చూడటం కూడా అప్పుడు స్థిరపడిన పద్ధతే.

ఈ కృషి తిరిగి కర్మాగారాలకు చేరింది. 1989లో అమెరికా కంపెనీ ఫెడరల్ .470, .416 రిగ్బీ తూటాలు అమ్మడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో కైనమ్కో సంస్థ కైనాక్ పేరును తిరిగి నిలబెట్టింది. రాగి ముద్దతో చేసిన బార్న్స్ గుండ్లు, ఎండకు అంతగా చలించని ఆస్ట్రేలియన్ మందులు వచ్చాయి. కార్డైట్ కాలంలో తేలని వేడి సమస్య చాలావరకు తేలింది.

అయినా జాగ్రత్తపడే వేటగాడు ప్రయాణానికి ముందు ప్రతి తూటానూ తన రైఫిల్లో పెట్టి తీసి చూసుకుంటాడు. భారీ రైఫిల్ తాకిడికి మ్యాగజైన్‌లోని గుండు గుల్లలోకి జారకుండా మెడను బిగించి నొక్కాడో లేదో తడిమి చూస్తాడు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టంతో వేట చాలావరకు ముగిసింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధ చట్టం కింద నేరం. ఈ చట్టాలు రావడం మంచిదే. వేటకు చట్టం ఒప్పుకునే చోట మాత్రం గురి ఎంత ముఖ్యమో తూటా అంతే ముఖ్యం. గాయపడి పొదలోకి పోయిన బఫెలో వెనక ముందుగా నడిచేది ఖరీదైన రైఫిల్ యజమాని కాదు, జాడలు పట్టే స్థానికుడు. బాగా కూర్చిన తూటా అతని ప్రాణాన్ని కాపాడుతుంది, జంతువు గంటలకొద్దీ నరకయాతన పడకుండా చూస్తుంది. ప్రాణం తీయడానికి సిద్ధపడినవాడు కనీసం ఆ బాధ్యతనైనా పూర్తిగా నెత్తిన వేసుకోవాలి. నూట యాభై ఏళ్ల హ్యాండ్‌లోడింగ్ చరిత్రలో నిలబడదగ్గ సూత్రం ఇదేనని నా నమ్మకం.